జిప్పోరా కూత

విజిల్ మోగింది.

అది తన కోసమేనని జిప్పోరాకు వెంటనే తట్టలేదు. అప్పటికే ఇద్దరిని తాకింది. మూడో అమ్మాయి నడుం పట్టుకోబోతే గాల్లోకి లేచి తప్పించుకుంది. మధ్య గీత ఇంకో జానెడు దూరంలో ఉంది. నాంపల్లి గ్రౌండ్‌లో రేకుల షెడ్డు కింద నిలబడ్డ జనమంతా ఆమె పేరే అరుస్తున్నారు. ఇలాంటప్పుడు ఎవరైనా విజిల్ వేస్తారా?

అంపైర్ వేశాడు. వేసి, ఆమె అవుటని చెయ్యెత్తి చూపించాడు కూడా.

“ఏంది? నేనా?”

“మీరేనండీ. కూత ఆగింది.”

“ఏడ ఆగింది?”

“గీతకు అవతల. ఆ అమ్మాయిని తప్పించుకుని ఎగిరారు చూడండి, అక్కడ.”

“ఆగలె! జర గొంతు పట్టేసింది గంతే. కబడ్డీ కబడ్డీ అనుకుంటనే వచ్చిన.”

“మీరు అనే ఉంటారు. నాకు వినిపించలేదు.”

“చెవుల దూది పెట్టుకొని వచ్చిన్రా?”

ఆ మాట కూడా పూర్తిగా బయటికి రాలేదు. ‘దూది’ దగ్గర గొంతు కీచుమంది. ఆ తర్వాత వచ్చిందంతా గాలే. అవతలి జట్టు అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. అంపైర్ మాత్రం నవ్వలేదు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని తెల్ల టీషర్టులో నిలబడి, ‘చూశారా మరి’ అన్నట్టు ఒక్క చూపు చూశాడు. నవ్వినా ఇంత మండేది కాదు జిప్పోరాకు.

ఆ ఒక్క పాయింటుతోనే మ్యాచ్ పోయింది.

కోచ్ నాగవల్లి ఆమె భుజం పట్టుకుని పక్కకు లాక్కొచ్చింది. “అంపైర్ల మీద నోరు చేసుకుంటే టోర్నీలకెల్లే తీసేస్తరు. ఇంకా రెండు మ్యాచ్‌లున్నయ్. రెండూ గెలిస్తే ఫైనల్. ముందు పోయి ఆ గొంతు సంగతి చూసుకో.”

గొంతు సంగతి జిప్పోరాకు తెలియనిది కాదు. వారం నుంచీ మింగితే ముల్లు దిగినట్టుంది. దానికి తోడు నాలుక అంచున పుండు. పొద్దున గ్రౌండ్‌లో కూత, పగలంతా అబిడ్స్‌లో రెడీమేడ్ షాపులో షర్టుల కౌంటర్ వెనక నిలబడి ‘రండి సార్, ఏ సైజు మేడమ్’ అంటూ మరో కూత. గొంతుకు సెలవన్నదే లేదు.

అయినా ఆగడానికి వీల్లేదు. ఫైనల్ చూడ్డానికి రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వస్తారు. ఒక ఏడాది మడమ బెణికి, మరో ఏడాది డిగ్రీ పరీక్షలు అడ్డొచ్చి ఆమెకు ఆ అవకాశం చేతి దాకా వచ్చి పోయింది. తండ్రి ఇజ్రాయేల్ రైల్వేలో సిగ్నల్ మెకానిక్. మాట తక్కువ మనిషి. ఈ ఏడు ఒక్క మాటే అన్నాడు: “ఇదొక్కసారి జూద్దాం బిడ్డా. కాకుంటే ఆట బంద్ పెట్టి కొలువు సంగతి చూసుకో.”

ఇదొక్కసారి. అంటే, ఇదే ఆఖరిసారి.

మర్నాడు పొద్దున్నే కోఠిలోని దవాఖానకు వెళ్లింది. డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసి, “గొంతు ఎర్రగా వాచింది. వాడిందే వాడుతున్నావు. స్ప్రే రాస్తున్నా, నొప్పి తగ్గుతుంది. కానీ మాట్లాడకుండా ఉంటేనే గొంతు బాగయ్యేది,” అంది. కబడ్డీ ఆడేదాన్నని జిప్పోరా చెప్పగానే తలపట్టుకుంది. “మాట్లాడటం తప్ప ఏమీ లేని ఆట ఎంచుకున్నావు కదమ్మా!”

చీటీ పట్టుకుని షాపుకు వెళ్లే దారిలో అబిడ్స్‌లోని మెడికల్ షాపు దగ్గర ఆగింది. కౌంటర్‌లో ఉన్న కరుణాకర్ ఆమెకు తెలిసినవాడే. అరలోంచి చిన్న సీసా తీసి పెట్టాడు. దానికి ఏనుగు తొండంలా పొడుగాటి గొట్టం.

“ఒక్క నిమిషం. ఆ సీసా ఒకసారి ఇస్తారా?” అన్నారెవరో పక్క నుంచి.

జిప్పోరా తల తిప్పింది. ఇవాళ నీలం చొక్కా. మనిషి మాత్రం నిన్నటి తెల్ల టీషర్టే!

అతను సీసా మీద ఉన్న సన్నటి అక్షరాలు చదువుతూ ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు.

“ఏం జేస్తున్రు?” అంది. మాట బొంగురుగా కప్ప బెకబెకలా వచ్చింది.

“ఆటగాళ్లు వాడకూడని మందులు కొన్ని ఉంటాయి కదండీ. వాటిలో ఇది ఉందేమోనని చూస్తున్నా.”

“ఓహో! నిన్న కూత తెగిందని అవుట్ చేసిన్రు. ఇయ్యాల మందు కొట్టిందని బ్యాన్ చేపిస్తరా?”

అతను ఫోన్ జేబులో పెట్టుకుని సీసా ఆమె చేతికిచ్చాడు. “ఇందులో అలాంటిదేమీ లేదు. బెంగపడకుండా వాడుకోండి. ఆ మాట చెబుదామనే చూశాను.”

జిప్పోరా నోట్లో తయారుగా ఉన్న రెండో తిట్టు అక్కడే ఆగిపోయింది. గొంతునొప్పి వల్ల మాత్రం కాదు.

కరుణాకర్ ఇద్దరినీ మార్చిమార్చి చూసి, “సాయిచైతన్య సార్, తాతగారి బీపీ గోలీలు ఇగో,” అని అతనికి ఒక పొట్లం ఇచ్చి, ఆమె వైపు తిరిగాడు. “నువ్వు జర ఇటు చూడమ్మా. నోరు మంచిగ తెరవాలె. గొట్టం గొంతు దిక్కు పెట్టాలె. కొట్టేటప్పుడు ఊపిరి బిగపట్టాలె. రెండుసార్లు నొక్కితే సాలు, ఎక్కువ నొక్కద్దు. నాలిక కొంచెంసేపు మొద్దుబారుతది, ఫికర్ చేయకు. అది పోయేదాంక తినద్దు, తాగద్దు.”

ఆమె విన్నది కొంతే. మిగతా సమయమంతా, అవుట్ ఇచ్చిన మనిషి ముందు నోరు తెరవాలా అన్న ఆలోచనలో పోయింది. అది గ్రహించినట్టు సాయిచైతన్య గోడ మీదున్న క్యాలెండర్ వైపు తిరిగి శ్రద్ధగా చూడసాగాడు.

రెండుసార్లు నొక్కింది. చల్లగా, చేదుగా, పుదీనా వాసనతో ఏదో గొంతులోకి జారింది. ముఖం చిట్లించింది. కాసేపటికి ముల్లును ఎవరో మెల్లగా తీసేసినట్టు అనిపించింది. వారం తర్వాత మొదటిసారి నొప్పి లేకుండా గుటక వేసింది.

“ఎట్లుంది?” అన్నాడు కరుణాకర్.

బొటనవేలు పైకెత్తి చూపించింది. క్యాలెండర్ చూస్తున్నవాడు నవ్వుతున్నాడని గమనించి వెంటనే చెయ్యి దించేసింది.

“నొప్పి పోయిందని గొంతు బాగైందనుకోకండి,” అన్నాడతను వెళ్తూ వెళ్తూ. “నేను స్కూల్లో పీటీ మాస్టర్ని. రోజంతా అరవడమే నా ఉద్యోగం. ఈ స్ప్రేతో మోసపోయి చాలాసార్లు గొంతు పోగొట్టుకున్నాను.”

*

ఆ వారం జిప్పోరా మాట్లాడనని పట్టు పట్టింది. ఇంట్లో తల్లి మేరమ్మతో సైగలే. షాపులో ఆమె బదులు పక్క కౌంటర్ స్నేహ మాట్లాడేది. స్ప్రే సీసా పర్సులో ఉండేది. పొద్దున ప్రాక్టీసులో కూడా కూత లేకుండా అడుగులే వేసింది. నోరు మూసుకోవడానికి ఇంత పట్టుదల కావాలని ఆమెకు అంతవరకు తెలియదు.

ఒక సాయంత్రం సాయిచైతన్య షర్టుల కౌంటర్ ముందు ప్రత్యక్షమయ్యాడు.

“మా తాతగారికి చొక్కా కావాలి.”

“మా జిప్పోరా మౌనవ్రతంల ఉన్నది సార్. నాకు చెప్పున్రి,” అంది స్నేహ.

“ఆవిడ చూపిస్తే చాలు. మాట్లాడక్కర్లేదు.”

స్నేహ కళ్లు పెద్దవి చేసి, ఒక నవ్వు నొక్కిపెట్టి పక్కకు జరిగింది. జిప్పోరా తెల్ల చొక్కా తీసింది. అతను తల అడ్డంగా ఊపాడు. “ఎనభై దాటాయి గానీ, ఆయనకు రంగులంటే సరదా.” చిలకాకుపచ్చది తీసింది. “అంత సరదా కాదు.” ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే నాలుక మీది పుండు పంటికి తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి లేత నారింజ రంగు దగ్గర బేరం కుదిరింది.

షాపు నుంచి బయటపడేసరికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, అబిడ్స్ రోడ్డును కాలవ చేసే వాన. ఆమె షాపు ముందు రేకు కింద నిలబడింది. అతనూ చొక్కా పొట్లం గుండెకు హత్తుకుని అక్కడే ఉన్నాడు. పక్క బండిలో మజ్జిగ అమ్ముతున్నారు. అతను వెళ్లి, “మిర్చి లేకుండా ఒకటి,” అన్నాడు.

“మిర్చి లేకుంటె అది మజ్జిగేంది సార్?” అన్నాడు బండివాడు నొచ్చుకుంటూ.

అయినా ఒప్పించి పట్టుకొచ్చాడు. ఆ చల్లదనం పుండు మీదుగా జారుతుంటే జిప్పోరాకు ప్రాణం లేచొచ్చింది. కృతజ్ఞత చెప్పాలి. నోరు తెరవకూడదు. ఎలా?

“ఉండండి, దీనికో ఉపాయముంది.” అతను జేబులోంచి కొత్త విజిల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. “నేను మాట్లాడతాను. తప్పు మాట్లాడితే మీరు విజిల్ వేయండి. ఇవాళ అంపైర్ మీరు.”

ఆమె కనుబొమలు ఎగరేసి విజిల్ పెదవుల దగ్గర పెట్టుకుంది.

“మీకు నా మీద ఇంకా కోపముంది.”

విజిల్ లేదు.

“ఆ రోజు నేను తప్పు చేశానని మీ అభిప్రాయం.”

విజిల్ లేదు.

“కానీ కూత తెగిన సంగతి లోపల మీకూ తెలుసు.”

పీఈఈ! దారిన పోయే ఆటోవాడు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

“సరే సరే, వెనక్కి తీసుకుంటున్నా. అంటే, మాటను. నిర్ణయాన్ని కాదు.” అతను చేతులెత్తేశాడు. “మా తాతగారు ఈ ఆటను చెడుగుడు అంటారు. బందరులో ఆడేవారట. యాభై ఆరులో ఉద్యోగంతో ఇక్కడికొచ్చి కాచిగూడలో స్థిరపడ్డారు గానీ, ఇప్పటికీ నా మ్యాచ్‌ల కబుర్లు చెబితే తప్ప అన్నం తినరు. ఈమధ్య మీ కబుర్లే అడుగుతున్నారు.”

ఆమె విజిల్ వేయడం మర్చిపోయింది.

“ఈ ఊళ్లో మీ అంత వేగంగా గీత దాటే అమ్మాయిని నేను చూడలేదు.”

వాన చప్పుడు.

“నవ్వితే ఇంకా బావుంటారు.”

విజిల్ మోగింది. కానీ సన్నగా, సగంలోనే ఆగిపోయింది.

“అది విజిలా, దగ్గా?” అన్నాడు సాయిచైతన్య.

జిప్పోరా మొహం తిప్పుకుని వానలోకే నడిచి వెళ్లిపోయింది. ఆ తడిసిన దారంతా ఆమె నవ్వుతూనే ఉంది. పుండు నొప్పిగానే ఉంది. అయినా.

*

తర్వాతి రెండు మ్యాచ్‌లూ గెలిచారు. నాగవల్లి ఆమెను తప్పనిసరైనప్పుడే కూతకు పంపింది. మ్యాచ్‌కు ముందు రెండుసార్లు స్ప్రే, మ్యాచ్ తర్వాత మౌనం. అందులో ఒకదానికి సాయిచైతన్యే అంపైర్. ఆట మధ్యలో అతను ఒక్కసారి కూడా ఆమె ముఖంలోకి చూడలేదు. ఒక పాయింట్ ఆమెకిచ్చాడు, ఒకటి ఆమె నుంచి తీశాడు. రెండూ సరైనవే. తీసేసిన పాయింటుకు కూడా కోపం రాకపోవడం చూసి జిప్పోరా తనలో తనే కంగారుపడింది.

ఫైనల్ రోజు పొద్దున గ్రౌండ్‌కు రాగానే నాగవల్లి ఆ మాట చెప్పింది.

“ఆ సాయిచైతన్య సార్ ఇయ్యాల మన మ్యాచ్‌కి ఉండనన్నడంట. రాత్రి కమిటీవాళ్లకు ఫోన్ చేసి, వేరేవాళ్లను చూసుకొమ్మన్నడంట.”

“ఎందుకంట?” అంది జిప్పోరా. చాలా రోజుల తర్వాత ఆమె నోటి నుంచి కూత కాకుండా వచ్చిన మాట అది.

“నాకేమెరుక? నువ్వున్న మ్యాచ్ చేయనన్నడట. ఎందుకో కమిటీవాళ్లు నాకు చెప్పలేదు.”

జిప్పోరా ఒంట్లోకి వేడి పాకింది. నేనున్న మ్యాచ్ చేయడట! కూత మళ్లీ తెగుతుందని ముందే తీర్పు చెప్పేశాడా? లేక మళ్లీ చెవుల్లో దూది గురించి గొడవ పడతానని భయమా? వానలో అంతసేపు మాట్లాడిన మాటలన్నీ మరి దేనికి?

‘ఎవరొచ్చినా సరే, ఇయ్యాల నా కూత సికింద్రాబాద్ దాంక వినబడాలె,’ అనుకుంది. పర్సులోంచి సీసా తీసి, నోరు తెరిచి, నొక్కింది. ఇంకోసారి నొక్కింది. కరుణాకర్ చెప్పిన రెండూ అయిపోయాయి. పళ్లు బిగించి మళ్లీ మళ్లీ నొక్కింది.

మ్యాచ్ మొదలైంది. మొదటి కూత ఆమెదే. గీత దాటి ఎదుటి కోర్టులోకి దూకింది.

“కబయ్యీ, కబయ్యీ, కబయ్యీ…”

ఎదుటి జట్టు అమ్మాయిలు పట్టుకోవడం మానేసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జిప్పోరాకు తన నాలుక ఎక్కడుందో తెలియడం లేదు. నోట్లో ఎవరిదో చెప్పు పెట్టుకున్నట్టుంది. ‘డ’ అనే అక్షరం పలకాలంటే నాలుక అంగిలికి తగలాలి. ఇక్కడ నాలుకా లేదు, అంగిలీ లేదు.

విజిల్. ఈసారి అంపైర్ కాస్త వయసున్న ఆవిడ. “ఏమ్మా, ఏమంటున్నావు? కబడ్డీ అని స్పష్టంగా అనాలి. వెనక్కి వెళ్లు. పాయింట్ వాళ్లకి.”

జనం గొల్లున నవ్వారు. వరసగా కుర్చీల్లో కూర్చున్న సెలెక్టర్లలో ఒకాయన కూడా నవ్వడం ఆమె చూసింది.

నాగవల్లి పరుగున వచ్చింది. “ఏమైందే? నోట్లకెల్లి మాటొస్త లేదు?”

జిప్పోరా నోరు చూపించి, స్ప్రే నొక్కినట్టు వేలు ఆడించింది, చాలాసార్లు.

“అయ్యో దేవుడా! రెండుసార్లే గదా కొట్టాల్సింది? ఇగ నువ్వు కూర్చో. వేరే పిల్లను దించుత.”

జిప్పోరా తల అడ్డంగా ఊపింది. కూర్చుంటే అయిపోయింది. సెలెక్టర్ల కళ్ల ముందు మిగిలేది ఆ ‘కబయ్యీ’ ఒక్కటే. ఆమె కోర్టు ఎడమ మూల చూపించింది, రెండు చేతులూ కలిపి గొలుసులా బిగించింది. నాగవల్లికి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. కూత పెట్టేవాళ్లకే గొంతు కావాలి. పట్టేవాళ్లకు అక్కర్లేదు.

“నువ్వా? మూలల ఎన్నడన్నా ఆడినవా?”

లేదు. అయినా తల నిలువుగా ఊపింది.

అలా మొదటి సగమంతా ఆమె మూలన నిలబడింది. ఇన్నేళ్లూ కూతకు వెళ్లి పట్టుల నుంచి తప్పించుకున్న మనిషి. కూతకు వచ్చిన రైడర్ ఎక్కడ ఎగురుతుందో, ఏ కాలు చాచబోతోందో ఆమెకు ముందే తెలిసిపోతోంది. మొదటి అమ్మాయి మడమ చిక్కింది. తర్వాతి అమ్మాయిని నడుం పట్టి మ్యాట్ మీద కూలేసింది. మోకాలు గీరుకుపోయింది, మోచెయ్యి వాచింది. నవ్విన సెలెక్టరాయన ముందుకు వంగి కూర్చున్నాడు.

విరామంలో నాలుక మెల్లగా తిరిగొచ్చింది. దానితోపాటు పుండూ వచ్చింది, గొంతులో ముల్లూ వచ్చింది. నాగవల్లి సీసా అందించింది. “ఈసారి రెండే.”

జిప్పోరా వద్దని పక్కకు నెట్టేసింది. నొప్పి ఉంటే నాలుక తన నోట్లోనే ఉన్నట్టు లెక్క.

రెండో సగంలో ఆమె కూతకు వెళ్లినప్పుడల్లా ప్రతి ‘కబడ్డీ’ గాజుపెంకులా గొంతును కోసింది. అరవలేదు. గొంతును తగ్గించి, ఒకే తీరున, మాటకు మాట విడదీసి పలికింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, కూత మాత్రం సాగుతోంది. ఆట ముగిసే వేళకు రెండు జట్లూ సమానం. ఆఖరి కూత ఆమెదే. లోపలికెళ్లి, ఒక మూలనున్న అమ్మాయిని తాకినట్టు ఊరించి, రెండో మూలనున్న అమ్మాయిని నిజంగానే తాకి, మీదపడ్డ ఇద్దరి బరువుతో సహా పాక్కుంటూ వేలికొసను గీత మీద పెట్టింది. అప్పటికీ ఆమె పెదవులు కబడ్డీ అంటూనే ఉన్నాయి.

అంపైరమ్మ వంగి, చెవి ఒగ్గి విని, ఆమె వైపు చెయ్యెత్తింది.

*

అరుపులన్నీ అణిగాక గేటు దగ్గర సాయిచైతన్య కనిపించాడు. జిప్పోరా నేరుగా అతని ముందుకు వెళ్లి నిలబడింది.

“ఎందుకు ఉండనన్నరు?” అంది. మాట అనడానికి అది ఊపిరే. “నా మీద నమ్మకం లేదా?”

“నా మీద నాకు లేదు.”

ఆమె అర్థం కానట్టు చూసింది.

“మొన్నటి మ్యాచ్‌లో మీరు కూతకు వచ్చారు. మీరు గీత దాటేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. మీరు తప్పించుకోవాలని కోరుకుంటున్నానని అప్పుడు తెలిసింది. అలా కోరుకునేవాడు విజిల్ పట్టుకోకూడదండీ. కమిటీకి అదే చెప్పాను. ఆ అమ్మాయంటే నాకిష్టం, ఆ మ్యాచ్‌కి నేను పనికిరానని.” అతని చెవులు ఎర్రబడ్డాయి. “మీకు ముందు చెప్పకుండా వాళ్లకు చెప్పడం మాత్రం తప్పే.”

జిప్పోరా నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఊపిరి కూడా రాలేదు. ఆఖరి కూతతో గొంతు పూర్తిగా తలుపులు వేసేసుకుంది. ఆమె గొంతు చూపించి, అరచెయ్యి ఎత్తి ఆగమంది.

“ఆగుతాను,” అన్నాడతను. “మీ గొంతు వచ్చేదాకా. వచ్చాక ఆ నోటితో కాదన్నా సరే.”

ఆమె అతని చొక్కా చెయ్యి కొసను రెండు వేళ్లతో పట్టుకుని, ఒక్కసారి గట్టిగా లాగి వదిలేసి వెళ్లిపోయింది. దాని అర్థమేమిటని అతను వారమంతా ఆలోచించాడు.

*

డాక్టరమ్మ ఈసారి తిట్టి మరీ వారం రోజులు పూర్తి మౌనం రాసింది. రాష్ట్ర జట్టు శిబిరానికి ఎంపికైనవాళ్లలో తన పేరుందని తెలిసిన రోజు కూడా జిప్పోరా అరవలేకపోయింది. తల్లిని ఎత్తుకుని గిరగిరా తిప్పింది అంతే. సాయిచైతన్య సంగతి మాత్రం, కమిటీవాళ్ల నోట విన్న నాగవల్లి ద్వారా ఇంట్లో తెలిసింది. ఇజ్రాయేల్ అంతా విని, “ఆదివారం ఆరాధన అయినంక ఆ పిలగాన్ని ఇంటికి రమ్మను,” అన్నాడు.

ఆదివారం రైల్వే క్వార్టర్స్‌లో వాళ్ల చిన్న హాల్లో సాయిచైతన్య కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎదురుగా ఇజ్రాయేల్, ఇంకా ఆరాధనకు వేసుకున్న తెల్ల బట్టల్లోనే ఉన్నాడు. జిప్పోరా తలుపు దగ్గర నిలబడింది. వంటింట్లో మేరమ్మ గిన్నెల చప్పుడు మధ్యలో ఆగి ఆగి వినిపిస్తోంది, వినడానికే ఆగుతున్నట్టు.

“నా బిడ్డను మొదటి మ్యాచ్‌ల అవుట్ చేసింది నువ్వే గదా?”

“నేనేనండీ.”

“కూత నిజంగ తెగిందా?”

సాయిచైతన్య ఒకసారి జిప్పోరా వైపు చూశాడు. ఆమె కళ్లు చిన్నవి చేసి చూస్తోంది.

“తెగిందండీ.”

“నా ఇంట్ల కూసొని, దాని ముంగట గిట్లనే చెప్తవా?”

“జరిగింది అదేనండీ.”

ఇజ్రాయేల్ మీసం కొసన ఏదో కదిలింది. “సిగ్నల్ పని చేసేటోన్ని. ఎర్రదాన్ని ఎర్రదంటేనే బండ్లు క్షేమంగ పోతయ్.” కుర్చీ ముందుకు జరుపుకుని, “మాది మెదక్ చర్చి సంఘం. మీది పూజల ఇల్లు. గీ సంగతి మీ ఇంట్ల ఏమన్నరు?” అని అడిగాడు.

“అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదండీ. తర్వాత, ఆ అమ్మాయి కారం తింటుందా అని అడిగింది. తాతగారైతే ముందు ఆ పిల్ల ఆట చూపించు, తర్వాత పెళ్లి సంగతి అన్నారు. ఆవిడ ప్రార్థన ఆవిడది, మా పూజ మాది. ఎవరినీ మారమనం. మీరు ఒప్పుకునేదాకా ఎన్నాళ్లయినా ఆగుతాను. శిబిరం, పోటీలు, అన్నీ అయ్యాకే. ఆవిడ ఆట మాత్రం ఆగకూడదండీ.”

వంటింట్లో గిన్నెల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

ఇజ్రాయేల్ కిటికీ వైపు చూశాడు. నాంపల్లి స్టేషన్లోకి ఏదో బండి వస్తోంది. అది వచ్చి ఆగేదాకా చూసి, కూతురి వైపు తిరిగాడు.

“డాక్టరమ్మ ఇయ్యాల్టి నుంచి మాట్లాడొచ్చన్నది గదా బిడ్డా. పొద్దుగాల చర్చిల పాట గూడ పాడలె. ఇప్పుడు చెప్పు. నువ్వేమంటవ్?”

జిప్పోరా గొంతు సవరించుకుంది. మింగి చూసుకుంది. ముల్లు లేదు. వారమంతా దాచుకున్న గొంతు అది. దాన్ని గుసగుసకు ఖర్చు చేయదలుచుకోలేదు.

“నాకు ఈయన గావాలె డాడీ!”

ఆ మాట హాల్లోంచి, కిటికీలోంచి, క్వార్టర్స్ వరసంతా పోయింది. ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న లక్ష్మీనర్సమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది.

“గంత గట్టిగెందుకే?” మేరమ్మ గరిటె పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది. “పక్కింటోళ్లకు వినబడుతది!”

“వినబడనీ మమ్మీ,” అంది జిప్పోరా.

ఇజ్రాయేల్ లేచాడు. సాయిచైతన్య కూడా గబుక్కున లేవబోతే, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

“కూసో అయ్యా. అన్నం తిని పో.”